యువజన సంఘంలో తలుపు తెరిచి ఉంచితే చాలా, కార్యవర్గంలో చోటు కేటాయించాలా?

చర్చ ప్రారంభం: గ్రామ యువజన సంఘ కార్యదర్శి, నెల్లూరు జిల్లా

మా ఊరి యువజన సంఘానికి మూడేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, ఏటా ఒక రక్తదాన శిబిరం, తొలకరికి చెరువుగట్టు మీద మొక్కలు నాటడం మా ప్రధాన కార్యక్రమాలు. కులంతో, చదువుతో నిమిత్తం లేకుండా ఎవరికైనా సభ్యత్వం ఇవ్వవచ్చని మా నియమావళిలో స్పష్టంగా ఉంది. అయినా ఎస్సీ కాలనీ యువకులూ, ఊరి చివర గుడిసెల్లో ఉండే యానాది యువకులూ పందిరి వేసేటప్పుడు, కుర్చీలు మోసేటప్పుడు కనిపిస్తారే తప్ప సమావేశాల్లో కనిపించరు. బడి మధ్యలో మానేసినవారు, వికలాంగులు అసలే లేరు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో, పదకొండు మంది కార్యవర్గంలో నాలుగు స్థానాలను వీరికి కేటాయించాలని ప్రతిపాదించబోతున్నాను. సేవా సంఘంలో కేటాయింపులేమిటని మా అధ్యక్షులు అభ్యంతరం చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

కార్యదర్శి గారూ, మీ ఉద్దేశాన్ని గౌరవిస్తూనే మీ అధ్యక్షుల పక్షాన మాట్లాడుతున్నాను. నేను కళాశాలలో చాలాకాలం ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) కార్యక్రమ అధికారిగా పనిచేశాను. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన ఆ పథకం బలమంతా కలిసి పనిచేయడంలోనే ఉంది. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఒకే బడి గదిలో పడుకుని, ఒకే వంట తిని, ఒకే కాలువ పూడిక తీసిన పిల్లల మధ్య ఉన్న దూరం నాలుగో రోజుకు తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. అక్కడ ఎవరికీ కేటాయింపు లేదు. మీరు నాలుగు కుర్చీలకు పేరు పెడితే, ఆ కుర్చీలో కూర్చున్న కుర్రవాడు ఎంత బాగా పనిచేసినా కోటాలో వచ్చినవాడనే మాట వెంటాడుతుంది. మహిళలకు కేటాయించిన పంచాయతీల్లో ఎన్నిచోట్ల భర్తలే అధికారం నడిపారో మనందరికీ తెలుసు. కుర్చీకన్నా ముందు పని కలవాలని నా అభిప్రాయం.

సమాధానం: టైల్స్ పనివాడు, ఎస్సీ కాలనీ నుంచి

మాస్టారూ, మీ శిబిరం గురించి చదివి సంతోషించాను, కానీ ఆ శిబిరానికి రావాలంటే ముందు కళాశాలలో చేరి ఉండాలి. నేను తొమ్మిదో తరగతితో ఆపేసి పదహారో ఏట పనిలోకి దిగాను. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్లవారిని యువత అంటోంది. ఆ లెక్కన నేను ఇప్పటికీ యువకుణ్ణే, అయితే పనిలోకి దిగిన రోజు నుంచి ఊరు నన్ను కూలివాడిగానే చూస్తోంది.

మా ఊళ్లోనూ ఇలాంటి సంఘమే ఉంది, తలుపు తెరిచే ఉంది. సమావేశం ఆదివారం ఉదయం పది గంటలకు రామాలయం అరుగు మీద జరుగుతుంది. రావద్దని మమ్మల్ని ఎవరూ అనలేదు, కానీ మా తాతలు ఎన్నడూ కూర్చోని అరుగు మీద కూర్చోవడానికి మాకు కాళ్లు రావు. ఆ విషయం అక్కడ పుట్టి పెరిగినవారికి చెప్పినా వెంటనే అర్థం కాదు. పైగా ఆదివారం గుంటల్లో రొయ్యలు పట్టే పని ఉంటే, సమావేశానికి రావడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. కబడ్డీ జట్టుకు ప్రవేశ రుసుము వేరుగా కట్టాలి.

సంఘం ఎలా పుట్టిందో కూడా చూడండి. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మా ఊరి సంఘంలో ఆ ఏడు సంతకాలూ ఒకే వీధివి. సమావేశం ఎక్కడ, ఎప్పుడు, రుసుము ఎంత అనేవన్నీ ఆ ఏడుగురూ తమ వీలును బట్టి, ఏ దురుద్దేశమూ లేకుండానే నిర్ణయించారు. అందుకే కుర్చీ కావాలంటున్నాను. కోటా అనే మాట పడుతుందని మీరు బాధపడుతున్నారు, కానీ అంతకన్నా బరువైన మాటలు మేము కుర్చీ లేకుండానే పడుతున్నాము.

సమాధానం: యువతుల నైపుణ్య శిక్షణ కేంద్రంలో పనిచేస్తున్న మహిళ

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. అర్హులెవరైనా రావచ్చని ప్రకటన ఇచ్చి ఊరుకుని ఉంటే, నిజామాబాద్ జిల్లా పాకాలలోని వ్యవసాయ కూలీల అమ్మాయి పర్వతారోహణ అనే మాట విని ఉండేదా? పిల్లలను వెతికి తీసుకువెళ్లారు, భువనగిరి కొండ మీద మొదలుపెట్టి నెలల తరబడి శిక్షణ ఇచ్చారు, ఖర్చంతా భరించారు. కాబట్టి కార్యదర్శి గారు స్థానాలతో పాటు డబ్బు సంగతి కూడా ప్రతిపాదనలో రాయాలి. రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ ఎక్కువకాలం కార్యవర్గంలో ఉండలేరు. ఆడపిల్లలకైతే చీకటి పడ్డాక ఇంటికి చేర్చే ఏర్పాటు ఉండాలి. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం యువత కోసం తెచ్చిన మేరా యువ భారత్ వేదికలో నమోదు ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ఇంటికంతా ఒకే ఫోను ఉండి, అది తండ్రి జేబులో ఉండే అమ్మాయిలకు ఎవరైనా పక్కన కూర్చుని నమోదు చేయించాలి.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

బాబూ, అరుగు గురించి మీరు రాసినది చదివాక చాలాసేపు ఆలోచించాను. మా శిబిరాలు ప్రభుత్వ బడిలో జరిగేవి కాబట్టి, అది ఎవరి చోటు అనే ప్రశ్న అక్కడ పుట్టలేదు. పిల్లలు కలిసిపోవడానికి కారణం పనే అనుకున్నాను గానీ ఆ బడి గోడల పాత్రను గమనించలేదు. స్థానం, సమయం, కూలి విషయాల్లో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కేటాయింపు మీద నా సందేహం మాత్రం పోలేదు. ఆ నలుగురినీ కార్యవర్గమే ఏరుకుంటే, తలూపేవారినే ఏరుకుంటుంది.

చర్చ ప్రారంభించినవారి సమాధానం

మాస్టారి సందేహం సరైనదే కనుక ప్రతిపాదనను మార్చాను. ఎస్సీ కాలనీ నుంచి ఇద్దరిని, యానాది గుడిసెల నుంచి ఒకరిని అక్కడి యువతీయువకులే ఎన్నుకుంటారు. నాలుగో స్థానం వికలాంగులకు ఉంటుంది. సమావేశం పనులు ముగిశాక రాత్రి ఏడు గంటలకు బడిలో జరుగుతుంది. పగటి కార్యక్రమాలకు వచ్చే కూలివారికి ఆ రోజు కూలిని కబడ్డీ పోటీల నిధి నుంచి ఇస్తాము. అమ్మాయిలను ఇంటికి చేర్చే బాధ్యత నేనూ, మా కోశాధికారీ తీసుకుంటాము. కూలి చెల్లించడం సేవాభావానికి విరుద్ధమని మా అధ్యక్షులు ఇంకా అంటున్నారు, ఆ అంశం మీద ఓటింగు కోరతాను. మా ఊళ్లో వినికిడి లేని యువకుడు ఒకరున్నారు. ఆయనకు సమావేశం అర్థమయ్యేలా చేయడం ఎలాగో ఇక్కడ ఎవరికైనా తెలిస్తే దయచేసి రాయండి. బడి గది కోసం ప్రధానోపాధ్యాయులను రేపు ఉదయం కలుస్తున్నాను.