తొట్లకొండ ఎక్కుడులో బండి వెనక్కి జారింది, కిక్ ఎలా కొట్టాలి?

నాన్న స్ప్లెండర్:
నాన్నగారు పోయాక ఆయన స్ప్లెండర్ నాలుగేళ్లు మా వరండాలోనే ఉండిపోయింది. ఈ వేసవిలో బాగు చేయించి నేర్చుకున్నాను. పోయిన నెల లైసెన్సు వచ్చింది. నాకు 36 ఏళ్లు. నిన్న ఉదయం ఆరు గంటలకు మొదటిసారి ఒంటరిగా ఆర్కే బీచ్ నుంచి భీమిలి రోడ్డు పట్టాను. రుషికొండ దాకా భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ తర్వాత ఇంజను చప్పుడును బట్టి గేరు మార్చడం దానంతట అదే వచ్చేసింది. ఎంత సంతోషం వేసిందో!

ఆ ధైర్యంతోనే తొట్లకొండ మీదికి తిప్పాను. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చిందని నాన్నగారు చిన్నప్పుడు చూపించి చెప్పారు. ఆయన వెనక కూర్చుని ఎక్కిన దారిలో నేనే నడుపుతూ ఎక్కాలని కోరిక.

మలుపులో పైనుంచి కారు వస్తుంటే ఆగాను. మళ్లీ కదిలించబోతే ఇంజను ఆగిపోయింది. నా బండికి సెల్ఫ్ లేదు. కిక్ కొట్టడానికి కుడికాలు బ్రేకు మీద నుంచి తీయగానే బండి వెనక్కి జారింది. కారులోని ఆయన పరుగున వచ్చి పట్టుకున్నారు. తొట్లు చూడకుండానే దిగి వచ్చేశాను. బ్రేకూ కుడికాలికే, కిక్కూ కుడికాలికే అయితే ఏటవాలులో ఏం చేయాలి?

పాత మెకానిక్:
అమ్మా, కాలు తీయకముందే కుడిచేత్తో ముందు బ్రేకు గట్టిగా పట్టుకోండి. న్యూట్రల్‌కు తెచ్చి, ఎడమకాలు నేలకు ఆనించి కిక్ కొట్టండి. ఇంజను అందుకున్నాక కుడికాలు నేలకు ఆనించి, క్లచ్ పట్టి, ఎడమకాలితో మొదటి గేరు వేయండి. ఆ తర్వాత ఎడమకాలు నేలకు ఆనించి, కుడికాలు మళ్లీ వెనక బ్రేకు మీదికి. అది బండిని ఆపిందని నమ్మకం కుదిరాకే చేతి బ్రేకు వదలండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజను చప్పుడు బరువెక్కుతుంది. అక్కడ చేయి ఆపి, కాస్త ఆక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు కాలు తీయండి. నాలుగేళ్లు నిలిచిన బండి కదా, ముందు బ్రేకు తీగ మార్చారా?

గాజువాక నుంచి:
ఆయన చెప్పింది సరైనదే. కానీ ఇంజను ఆగిన క్షణంలో కంగారుగా కిక్ జోలికి వెళ్లకండి. మొదటి గేరులో ఉంచి క్లచ్ పూర్తిగా వదిలేస్తే ఇంజనే బండిని చాలావరకు పట్టి ఉంచుతుంది. బ్రేకు మాత్రం వదలకండి. వెనక వాహనాలను చూసుకుని, ఆ తర్వాత మిగతా పని. నేను మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నేర్చుకున్నాను. మధ్యాహ్నం పూట అక్కడ ఎవరూ ఉండరు.

నాన్న స్ప్లెండర్:
తీగ మార్చలేదండీ. ఈరోజు చూపిస్తే లోపల రెండు పోగులు తెగి ఉన్నాయి. కొత్తది వేయించాను. సాయంత్రం మా వీధి చివరి ర్యాంపు మీద పదకొండుసార్లు ఆపి, మళ్లీ ఎక్కించాను. మొదటి మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. బ్రేకు పెడల్ రబ్బరు ఒకవైపే అరిగి ఉంది, నాన్నగారి పాదం ఆనిన చోట. నా కాలూ అక్కడికే వెళ్తోంది. ఆదివారం మళ్లీ తొట్లకొండకు వెళ్తున్నాను.