అప్‌డేట్: రోమా 8:28లో "మేలు" అంటే ఏమిటో అర్థమైంది

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను: ఉద్యోగం పోయింది, ఎంత ప్రార్థించినా దొరకట్లేదు, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు, ఆయన సంకల్పం ప్రకారం పిలవబడినవాళ్లకు అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయని బైబిల్లో రోమా 8:28 (పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం) అంటుంటే మరి నా మేలు ఎక్కడ అని. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

నాకు పనికొచ్చింది "తర్వాతి వచనం కూడా చదవండి" అన్న మాట. ఇన్నేళ్లూ 28 దగ్గరే ఆగిపోయాను. దేవుని ఆ సంకల్పం ఏమిటో పౌలు 29లో చెప్పేశాడు, మనం ఆయన కుమారుడైన యేసు పోలికలోకి మారడం. నేనేమో మేలంటే జీతం, సుఖం అనుకున్నాను. మా పాస్టర్ గారూ అదే చెప్పి ఆదికాండము 50:20 చూపించారు. అక్కడ యోసేపు, తనను బానిసగా అమ్మేసిన అన్నలు చేసింది మంచిపని అనలేదు, మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్నే మేలుకు తిప్పాడు అన్నాడు. జరిగిన చెడును కూడా మంచి అనాలేమోనని లోలోపల నలిగిపోయిన నాకు ఇది ఎంత ఊరటో చెప్పలేను.

"దాచిన పాపం ఉందేమో" అన్న సలహా నా విషయంలో కుదరలేదు, పుట్టుగుడ్డివాడి గురించి యోహాను 9లో, ఇది అతని పాపం వల్లో తల్లిదండ్రుల పాపం వల్లో కాదని యేసే ఆ లెక్క కొట్టేశాడు. మీకు మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 చాలామంది పంపారు, కానీ దాని పై వచనంలోనే బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాక అని ఉంది, వెంటనే వచ్చే జవాబు గురించిన మాట కాదది.

ఉద్యోగం గత వారం దొరికింది, జీతం తక్కువే. టెన్షన్ మాత్రం అంతకుముందే తగ్గింది, సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో యేసు చేసిన "నా ఇష్టం కాదు, నీ ఇష్టమే" అన్న ప్రార్థన నేను మనసారా చేయగలిగిన రోజు.