అప్‌డేట్: మాగ్రిట్ 'గోల్కొండ' ప్రింట్ కొనేశాం

హాల్లో సోఫా పైన గోడకి బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ వేసిన 'గోల్కొండ' బొమ్మ ప్రింట్ పెట్టాలి, కాన్వాసా పేపరా, ఏ సైజు అని అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి. ఫైనల్‌గా మ్యాట్ పేపర్ మీద 24×30 ఇంచుల ప్రింట్ తీసుకున్నాం, చుట్టూ తెల్ల బోర్డరు, సన్నటి నల్ల చెక్క ఫ్రేము.

ఒరిజినల్ ఇక్కడే హ్యూస్టన్‌లో మెనిల్ కలెక్షన్ అనే మ్యూజియంలో ఉంది, ఎంట్రీ ఫ్రీ, అందుకే ఆర్డర్ పెట్టే ముందు వెళ్లి చూసొచ్చాం. 1953లో వేసింది, సుమారు 80×100 సెం.మీ. అంటే 4:5 లెక్క, 24×30 దానికి సరిగ్గా సరిపోతుంది, అదే 24×36 పోస్టర్ తీసుకుంటే బొమ్మని కత్తిరించాల్సిందే, ఇందులో కోట్లు టోపీలు వేసుకున్న మనుషులు అంచుల దాకా గాల్లో ఉంటారు కాబట్టి కొంతమంది తెగిపోతారు, నాకైతే అది అస్సలు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంకోటి, దగ్గరికెళ్లి చూస్తే ఆ మొహాలన్నీ ఒకటి కాదు! ఒక షాపులో చూసిన చవక ప్రింట్‌లో అవన్నీ మచ్చల్లా కలిసిపోయాయి, ఆకాశం కూడా మరీ ముదురు నీలం కొట్టింది.

ఎదురుగా పెద్ద కిటికీ ఉంది కాబట్టి మామూలు గ్లాస్ వద్దని, మెరుపు కొట్టని, ఎండకి రంగులు వెలిసిపోకుండా కాపాడే యూవీ అక్రిలిక్ షీటు వేయించాం, రేటు ఎక్కువే కానీ పగలు కూడా బొమ్మ క్లియర్‌గా కనిపిస్తోంది. మా అత్తయ్యగారిది హైదరాబాదే, పేరు వినగానే ఆవిడకి భలే ముచ్చటేసింది, ఇప్పుడు వచ్చిన వాళ్లందరికీ ఆవిడే చూపిస్తున్నారు.