ప్రియాన్ ప్రోటీన్ లేని ఎలుక బాగానే ఉంటే, కాల్షియంతో దానికేం పని?

ప్రశ్న:
ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను, వచ్చే వారం ప్రియాన్ల (మెదడు జబ్బులు తెచ్చే, మడత తప్పిన ప్రోటీన్ల) మీద సెమినార్ ఇవ్వాలి. జబ్బు సంగతి అర్థమైంది, మడత తప్పిన ప్రోటీన్ మామూలుదాన్ని కూడా తనలా మార్చేస్తుంది. అర్థం కానిది ఆ మామూలు ప్రోటీన్ గురించే. అది నాడీకణాల్లో కాల్షియాన్ని అదుపు చేస్తుందని చదివాను, కానీ 1992లో వైస్‌మన్ బృందం ఆ జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలు మామూలుగానే పెరిగాయి కదా! మా మేడమ్ తప్పకుండా ఇదే అడుగుతారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
"మామూలుగా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఒత్తిడి లేనప్పుడు తెలియని లోటు, ఒత్తిడి పడ్డాక బయటపడుతుంది. నాడీకణం బయట కాల్షియం లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ, అందుకే తలుపు కాసేపు ఎక్కువ తెరిచి ఉన్నా కణానికి ముప్పే. గ్లుటమేట్ (నాడీకణాలు సంకేతంగా పంపే రసాయనం) తగిలితే ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టార్లు అనే తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికొస్తుంది. 2008లో కెనడాలోని కాల్గరీలో జాంపొనీ బృందం చూసిందేమిటంటే, ప్రియాన్ ప్రోటీన్ లేని నాడీకణాల్లో ఆ తలుపుల గుండా వచ్చే కరెంటు త్వరగా తగ్గదు, వాటిని తెరిచే ఎన్‌ఎమ్‌డీఏ రసాయనం ఇస్తే కణాలు ఎక్కువగా చనిపోతాయి. అంటే ఈ ప్రోటీన్ కాల్షియానికి బ్రేకు. ఎలుక పుట్టి పెరగడానికి ఆ బ్రేకు లేకపోయినా గడిచిపోతుంది. ఒకటి మాత్రం దాచకుండా చెప్పండి, 1994లో ఈ ఎలుకల హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగంలో) సంకేతాల లోపం ఉందని కాలింజ్ బృందం చెబితే, 1996లో ఇంకో బృందానికి ఏ తేడా కనిపించలేదు.

జవాబు 2:
పైవారి మాటకు ఒక చేర్పు. ఈ ప్రోటీన్ కాల్షియం వెళ్లే దారి కాదు, కణత్వచం బయటి వైపున జీపీఐ అనే కొవ్వు లంగరుతో వేలాడుతూ ఉంటుంది, అంటే ఏం చేసినా పక్కనున్న ప్రోటీన్ల ద్వారానే. దాని తోక రాగిని పట్టుకుంటుంది, రాగిని లాగేస్తే ఎన్‌ఎమ్‌డీఏ కరెంట్లు ప్రోటీన్ లేని కణాల్లోలాగే ప్రవర్తిస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం అదే. ఇక 2012లో మిలాన్‌లోని కియేజా బృందం ఎలుకల్లో చూపింది ఇందుకు తలకిందులు: మ్యుటేషన్ ఉన్న ప్రియాన్ ప్రోటీన్, కాల్షియం ఛానెళ్ల (కాల్షియం లోపలికెళ్లే దారుల) ఆల్ఫా2డెల్టా-1 భాగాన్ని (నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ మందు అంటుకునేది కూడా దీనికే) కణం లోపలే ఆపేస్తుంది, దాంతో ఛానెళ్లు పైకి చేరక కాల్షియం తక్కువగా వస్తుంది. కాబట్టి "పెంచుతుంది", "తగ్గిస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

జవాబు 3:
మా మేనమామ సీజేడీతో (క్రాయిట్జ్‌ఫెల్ట్-జేకబ్ వ్యాధి, మనుషుల్లో వచ్చే ప్రియాన్ జబ్బు) పోయారు, మాట, నడక, మనుషుల్ని గుర్తుపట్టడం అన్నీ నెలల్లోనే పోయాయి. అందుకే అడుగుతున్నాను, కాల్షియాన్ని ఆపే మందు పనిచేయదా?

జవాబు 4 (జవాబు 1 రాసినవారి నుంచే):
చాలా బాధాకరమండీ. సీజేడీని ఆపగలిగే మందు ఇప్పటికీ లేదు. కాల్షియం గడబిడ జబ్బులో ఒక మెట్టు మాత్రమే. 2003లో లండన్‌లో మలూచీ బృందం, జబ్బు సోకిన ఎలుకల నాడీకణాల్లో తొలి దశలోనే మామూలు ప్రియాన్ ప్రోటీన్‌ను తీసేస్తే మెదడులో అప్పటికే మొదలైన మార్పులు వెనక్కి తగ్గాయి. ఆ ప్రోటీన్‌నే తగ్గించే మందు ఒకటి ఇప్పుడు మనుషుల్లో పరీక్షల్లో ఉంది. సెమినార్ ఇచ్చేవారు ఇది కూడా చెప్పాలి: ఆ మందు వాడితే పైన చెప్పిన బ్రేకు కూడా కొంత తగ్గుతుంది, దాన్ని మనిషి మెదడు ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి.