మా మామ్మ గొలుసు దొంగని కొట్టింది, ఇప్పుడు గుమ్మం దాటట్లేదు, ఏం చెయ్యాలి?

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఊరండి. మామ్మకి 71 ఏళ్ళు. నాలుగు రోజుల కిందట తెల్లారగట్ల వాకిట్లో కళ్ళాపి జల్లుతుంటే బైక్ మీద ఇద్దరొచ్చి అడ్రస్ అడుగుతున్నట్టు ఆగి ఒకడు పుస్తెలతాడు పట్టుకు లాగాడంట, ఈవిడ ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో బకెట్ పేడనీళ్ళు వాడి మొహాన కొట్టేసరికి వాడు బైక్ మీంచి పడి, లేచి పారిపోయారు. మెడ చుట్టూ కోసుకుపోయింది, తాడు మాత్రం దక్కింది.

"తాతయ్య కట్టింది, ఆడికెలాగిస్తానురా" అంటాది. నాకు గర్వంగానే ఉంది, కానీ ఆ దొంగ చేతిలో కత్తుంటే అనుకుంటే నిద్ర పట్టట్లేదు.

పక్కింటాయన, వాడికి దెబ్బ తగిలుంటే కేసు మీ మీదే అవుతుంది అని భయపెట్టాడు, దాంతో కంప్లైంట్ వద్దంటోంది. నేను చదివినదాన్ని బట్టి బిఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, అవసరానికి మించి కొట్టకూడదంతే, స్నాచింగ్ 304 కింద నేరం. సాక్షిగా ఆడవాళ్ళని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికొచ్చే అడగాలంట. నిజంగా అలా వస్తారా, ఎవరికైనా అనుభవం ఉందా?

ఇంకోటి, ఈ వయసువాళ్ళకి పనికొచ్చేది ఏం నేర్పాలి? విజిలా, 112 స్పీడ్ డయలా, లేక తాడు వదిలెయ్యమని చెప్పాలా? అది చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. నాలుగు రోజులుగా ముగ్గు కూడా వెయ్యట్లేదండి, బైక్ చప్పుడైతే లోపలికెళ్ళిపోతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు దీన్నుంచి ఎలా బయటపడ్డారో చెప్పండి ప్లీజ్.