‘వెన్ ద టైగర్ కేమ్ డౌన్ ద మౌంటెన్’: ఆదివారం చర్చకి ఎలా చదవాలి?

మద్దిలపాలెం పాఠకురాలు:
విశాఖలో కొందరం కలిసి నీ వో అనే రచయిత్రి రాసిన ఈ ఫాంటసీ నవలిక మీద రెండు గంటలు మాట్లాడుకోబోతున్నాం. క్వియర్ పాత్రలున్న, అంటే స్వలింగ ప్రేమికులూ ఆడా మగా కానివాళ్ళూ ఉన్న ఫాంటసీ మాలో చాలామందికి ఇదే మొదటిది. మంచుకొండల్లో మూడు ఆడపులులు చుట్టుముట్టడం, తినేయకుండా ఆపడానికి, ఊరూరా కథలు సేకరించే సన్యాసి చిహ్ వాటికి కథ మొదలుపెట్టడం అద్భుతంగా ఉన్నాయి. ఆ లోపలి కథ దగ్గరే పట్టు జారుతోంది. హో థీ థావో అనే ఆడపులికీ, పరీక్ష రాయడానికి బయల్దేరిన డియూ అనే అమ్మాయికీ మధ్య ప్రేమ అది. పులులు మాటిమాటికీ “అలా కాదు” అని అడ్డుపడుతుంటే అసలేం జరిగిందో తేలడం లేదు. సిరీస్‌లో మొదటిది చదవకపోవడం వల్లా? ఇంకోటి, ఒక స్త్రీని ప్రేమించే స్త్రీని నరమాంసం తినే పులిగా చూపించడం సబబేనా?

లాసన్స్ బే:
మొదటిది చదవక్కర్లేదండీ. ‘ది ఎంప్రెస్ ఆఫ్ సాల్ట్ అండ్ ఫార్చ్యూన్’ 2021లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు గెలిచిన మంచి పుస్తకమే గానీ, దాని కథ ఇక్కడికి సాగదు. చిహ్ రెండింటిలోనూ ఉంటారు. అందులో మాట్లాడే పిట్ట ఇందులో లేదు.

మీ చిక్కంతా ఒకే కథకి రెండు పాఠాలు ఉండడం వల్ల. మనుషులు రాసి దాచుకున్నది చిహ్ చెబుతారు, పులులు తమది చెబుతాయి. బుర్రకథలో వంతలు అందుకున్నట్టు చదివితే దారి దొరుకుతుంది, కాకపోతే ఈ వంతలు కథకుడితో పోట్లాడతాయి. పులి నోరు విప్పిన ప్రతి చోటా మార్జిన్‌లో పెన్సిల్ గీత పెట్టండి. అది దేని మీద అభ్యంతరమో పక్కన ఒక్క మాట రాయండి: తిండి, మర్యాద, ప్రేమ, ఏదైతే అది. పుస్తకం పూర్తయ్యాక ఆ గీతల్ని మాత్రమే వరసగా తిరగేయండి. ఏ పాఠం నిజం అని తేల్చబోతే నవలిక చేజారుతుంది. ఏ పాఠంలో ఏది మాయమైందో చూడండి. నా లెక్కలో ఈ పుస్తకం బలమంతా అక్కడే ఉంది.

ఉక్కునగరం:
పులి గురించి మీ సందేహం న్యాయమైనదే, చర్చలో దాన్ని దాటేయకండి. థావోని భయంకరంగా నిలబెట్టేది ఎక్కువగా మనుషుల పాఠమే. పులుల దృష్టిలో ఆమెకి పరువుంది, మనసుంది, నొచ్చుకునే హక్కుంది. ఒక ప్రేమని బయటివాళ్ళు రాసిపెడితే ఏమవుతుందో రచయిత్రి అలా చూపించింది. అయినా డియూకి ప్రాణభయం ఉత్తుత్తిది కాదు. ఆకలీ ఇష్టమూ ఒకే చూపులో కలిసి ఉంటాయి. దాన్ని తీపి ప్రేమకథగా మార్చి చెబితే పుస్తకానికి అన్యాయం చేసినట్టే.

మరో మాట. ఇద్దరు ఆడవాళ్ళు ప్రేమించుకోవడం ఈ లోకంలో ఎవరికీ వింత కాదు, చిహ్ ఆడా మగా కాకపోవడం కూడా అంతే. అందుకే ఇంట్లో చెప్పడం, సమాజం వెలివేయడం లాంటి ఘట్టాలకోసం వెతికేవాళ్ళు ఖాళీ చేతులతో వస్తారు. స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద 2018 సుప్రీంకోర్టు తీర్పుతో చర్చ మొదలుపెడితే రెండు గంటలూ దానికే పోతాయి, పులులు బయటే ఉండిపోతాయి.

సీతమ్మధార:
మొత్తం గట్టిగా చదివే ఆలోచన ఉంటే మానుకోండి. హ్యూగో నియమాల్లో నవలిక అంటే 17,500 నుంచి 40,000 పదాలు. నిమిషానికి 130 పదాల చొప్పున చదివితే అతి చిన్న నవలికకే రెండుంబావు గంటలు పడుతుంది. అందరూ ఇంటి దగ్గర చదివి రావాలి. అక్కడ పులులు బాగా అడ్డుపడే ఒక్క ఘట్టం, పదిహేను నిమిషాలకి మించకుండా, నలుగురు చదవండి: ఒకరు చిహ్, ముగ్గురు పులులు. అక్కచెల్లెళ్ళ పేర్లన్నీ ‘సిన్’ అనే మొదలవుతాయి, వినేవాళ్ళు తికమకపడతారు. పెద్దది సిన్ లోవాన్, బేరం నడిపేది అదే. ఆ గొంతుని బాగా వేరుచేయగలిగినవాళ్ళకి ఇవ్వండి.

బీచ్ రోడ్డు వద్దు, గాలికీ జనానికీ గొంతులు వినబడవు. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో గది ఇస్తారేమో ముందే అడగండి. చదివే హాల్లో మాత్రం ఈ గర్జనలు కుదరవు.

మద్దిలపాలెం పాఠకురాలు:
గీతల పద్ధతి ఈ రాత్రే మొదలుపెడతాను. సగంమంది ఫోన్లో చదువుతున్నారు, పేజీ నంబర్లు కలవవు కదా?

లాసన్స్ బే:
కలవవు. నంబర్ల బదులు పులి అడ్డుపడిన వాక్యంలో మొదటి నాలుగు పదాలు రాసుకోమనండి. ఫోన్లో వెతికితే వెంటనే దొరుకుతుంది, అచ్చుపుస్తకం ఉన్నవాళ్ళకి అధ్యాయం చెబితే చాలు.