మీకాకి కొత్త కాంట్రాక్ట్ ఇవ్వాల్సిందా, వదిలేయడమే మంచిదైందా? (2025 సెప్టెంబర్ 28 నాటి 40–40 తర్వాత మళ్ళీ అదే గొడవ)

నీలినక్షత్రం:
ఆదివారం రాత్రి మన కౌబాయ్స్‌కీ ప్యాకర్స్‌కీ జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ (NFL) మ్యాచ్ చూసినవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ఓవర్‌టైమ్‌లో గోల్ లైన్ దగ్గర మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్‌ని వెంటాడి పడగొట్టిందెవరు? నెల క్రితం దాకా మనవాడే. ఆ సాక్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పడకపోతే ఆరు పాయింట్ల టచ్‌డౌన్ కొట్టేవాళ్ళం. మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నాం, వాళ్ళూ చివర్లో ఒకటి తన్ని 40–40 చేశారు. నాలుగేళ్ళలో ఏ సీజన్‌లోనూ 12 సాక్‌లకి తగ్గని మీకా పార్సన్స్‌ని ఆగస్టు 28న రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలు), వాళ్ళ డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్‌ని తీసుకుని ప్యాకర్స్‌కి ఇచ్చేశాం. ఎవరికి ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) ఇవ్వాలో మన ఓనర్ జెర్రీ జోన్స్‌కి తెలీదు. కాదన్నవాళ్ళు రండి.

క్యాప్_కరణం:
వచ్చాను, లెక్కతోనే. డాక్‌కి ఏడాదికి 60 మిలియన్ డాలర్లు. రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ల్యాంబ్‌కి 34. మీకాకి ప్యాకర్స్ ఒప్పుకున్నది 47. మొత్తం 141. ఈ ఏడాది (2025) క్యాప్, అంటే ఒక టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి, 279.2. ముగ్గురికే సగం పోతే మిగతా యాభైమందిని ఏం పెట్టి ఆడిస్తారు? ట్రేడ్ అయిన వెంటనే మనవాళ్ళే డారన్ బ్లాండ్‌కి నాలుగేళ్ళకి 92, టైలర్ స్మిత్‌కి నాలుగేళ్ళకి 96 మిలియన్లు ఇచ్చారు. ఆ డబ్బు చెట్టుకి కాసిందా?

నీలినక్షత్రం:
కరణం గారూ, సగటుని పట్టుకొచ్చి క్యాప్ లెక్క అంటారేంటి? సైనింగ్ బోనస్ 50 మిలియన్లు ఇచ్చారనుకోండి, ఐదేళ్ళకి పరిచి ఏడాదికి 10 చొప్పున రాసుకుంటారు. మొదటి ఏడాది జీతం తక్కువ పెడితే 47 సగటు ఉన్నవాడు కూడా క్యాప్‌లో అందులో చిన్న ముక్కే తింటాడు. సగటు వేరు, క్యాప్ వేరు.

క్యాప్_కరణం:
పరిచినంత మాత్రాన బాకీ మాఫీ అవుతుందా? మీ 50నే తీసుకోండి. రెండేళ్ళకి వదిలించుకుంటే మిగిలిన 30 డెడ్ మనీగా (వెళ్ళిపోయినవాడి పేరిట క్యాప్‌లో పడే లెక్క) వచ్చి నెత్తిన కూర్చుంటుంది. డెన్వర్ వాళ్ళు 2022లో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌కి, తమ తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే, 245 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు. 2024 మార్చిలో పంపించేస్తే 85 మిలియన్ల డెడ్ మనీ రెండు సీజన్ల మీద పడింది. ఆడనివాడి కోసం.

నీలినక్షత్రం:
సగటు అన్నారా లేదా? ముందు అది ఒప్పుకోండి.

నాలుగోడౌన్:
మొదలైంది. ఎవరైనా ఈ థ్రెడ్‌కి హాఫ్‌టైమ్ పెట్టండి.

ఫిల్లీ_పిల్లి:
పక్కింటివాణ్ణి, ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమానిని, అయినా ఒక మాట. 2021 డ్రాఫ్ట్‌లో మీ పదో పిక్ మాకిచ్చి మీరు పన్నెండుకి దిగారు. మేం రిసీవర్ డివోంటా స్మిత్‌ని తీసుకున్నాం, మీరు మీకాని. మూడు సీజన్లు అయ్యాకే ఎక్స్‌టెన్షన్ మాట్లాడనిస్తారు కదా, ఆ గేటు తెరవగానే, 2024 ఏప్రిల్‌లో, మావాళ్ళు స్మిత్ చేత సంతకం పెట్టించుకున్నారు. మూడేళ్ళు, 75 మిలియన్లు. మీరు అరుగు మీద కూర్చుని చూశారు. ఈలోగా మీకాలాంటి పాస్ రషర్ల (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీద పడేవాళ్ళ) ఏడాది రేటు చూడండి: 2023 నాటి బోసా 34 దాటి ఈ మార్చిలో క్రాస్బీ 35.5, వెంటనే గారెట్ 40, జులైలో వాట్ 41. ఒక్కొక్కడు సంతకం పెట్టినప్పుడల్లా మీకా రేటు పెరిగింది, మీరేమీ చేయకుండానే.

క్యాప్_కరణం:
తొందరపడితే చవగ్గా వస్తుందా? 2019లో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) జీక్ ఎలియట్‌కి పాత కాంట్రాక్ట్ ఇంకా రెండేళ్ళుండగానే ఆరేళ్ళకి 90 మిలియన్లు రాసిచ్చాం. 2023 మార్చిలో మనమే పంపేశాం.

బెంచిమీదోడు:
రన్నింగ్ బ్యాక్ డిమార్కో ముర్రేను యాది మరిచిన్రా? 2014ల 1,845 గజాలు ఉరికిండు. మనోళ్ళు పట్టుకోలే, ఫిల్లీకి పోయిండు, ఆడ 702. ఆనాడు గూడ గిట్లనే ఏడ్చిన్రు అందరు.

నీలినక్షత్రం:
రన్నింగ్ బ్యాక్‌కీ పాస్ రషర్‌కీ పోలికేంటన్నా!

సరే, నాకెందుకు మండుతుందో చెప్తా. ఒక కంపెనీలో ఆరేళ్ళు చేశా. ప్రతి ఏప్రిల్‌లో ఒకటే పాట, "బడ్జెట్ లేదు, వచ్చే ఏడాది చూద్దాం". నేను మానేసిన నెలకి నా కుర్చీలోకి వచ్చినవాడికి నాకన్నా చాలా ఎక్కువ. వాడికి పని నేర్పే డాక్యుమెంట్ నలభై పేజీలు, రాసింది నేనే. క్యాప్ అన్న మాట వింటే నాకు ఆ మేనేజర్ మొహమే కనిపిస్తుంది.

క్యాప్_కరణం:
మీ మేనేజర్ మీద కోపం మా మీద తీర్చుకుంటే ఎలా?

నీలినక్షత్రం:
మీరూ మేనేజరే అయ్యుంటారు. రాసే తీరులోనే తెలుస్తోంది.

క్యాప్_కరణం:
అవును, మేనేజర్నే. పదకొండుమంది టీమ్. ఒక ఏడాది ఇద్దరికి సరిపోయే డబ్బు ముగ్గురికి సర్దమన్నారు. పాతకాలంలో చాలా చేశాడన్న కృతజ్ఞతతో ఒకాయనకి ఎక్కువ వేశా. మూడు నెలలు తిరక్కుండానే, నిజంగా బండి లాగుతున్న అమ్మాయి రాజీనామా పెట్టింది. మెయిల్‌లో రెండే లైన్లు. అప్పట్నుంచి నా మాట ఒక్కటే: ఎక్స్‌టెన్షన్ అంటే పాత బాకీ తీర్చడం కాదు.

నీలినక్షత్రం:
హమ్మయ్య, ఇప్పటికి అసలు విషయం బయటపడింది. నేనంటున్నది అది బాకీయే అని. 2011 నుంచి కొత్తవాళ్ళ జీతం రూల్ పెట్టి కట్టేశారు. మీకా నాలుగేళ్ళు ఆడింది మొత్తం కలిపి 17 మిలియన్ల చిల్లరకి. డాక్ ఒక్క ఏడాది సగటులో మూడోవంతు కూడా కాదు. (అవును, సగటే.) ఆ నాలుగేళ్ళు మిగిలిన డబ్బుతోనే కదా మిగతావాళ్ళని కొనుక్కున్నాం? ఆ ఫలం తిని, ఇప్పుడు "ముందు చూపు" అంటే ఎలా?

క్యాప్_కరణం:
బాకీయే అనుకోండి. 2027లో ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేది 2022 సాక్‌లు కాదు.

నీలినక్షత్రం:
వాడికి 26 ఏళ్ళు సార్! ముసలాడా?

క్యాప్_కరణం:
26 ఏళ్ళవాడి మీద పెట్టడం తప్పని నేనెప్పుడన్నాను? 47కి వద్దన్నా. పోయినేడాది 36కి వస్తే నేనే పెన్ను తెచ్చిచ్చేవాణ్ణి.

ఫిల్లీ_పిల్లి:
పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే.

నాలుగోడౌన్:
అయితే మీకా ఏజెంట్‌ని పక్కనపెట్టి జెర్రీ మార్చిలో మీకాతో నేరుగా మాట్లాడి, "ఒప్పందం అయిపోయింది" అనుకుని కూర్చోవడం గురించి ఎవరూ మాట్లాడరా? సరే వదిలేయండి. మన ఇంకో రిసీవర్ జార్జ్ పికెన్స్ సంగతేంటి? ఈ సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది. ల్యాంబ్ లేని ఆదివారం రెండు టచ్‌డౌన్లు కొట్టాడు. ఇప్పుడే ఇచ్చేద్దామా?

క్యాప్_కరణం:
నాలుగు మ్యాచ్‌లేగా అయింది. సీజన్ అయ్యాక చూద్దాం.

నీలినక్షత్రం:
సీజన్ అయ్యాక రేటెంత ఉంటుంది కరణం గారూ?

క్యాప్_కరణం:
సగటు అడుగుతున్నారా, క్యాప్ లెక్కా?